టర్న్‌టేబుల్ కొన్నారా? ఫోనో ప్రీయాంప్ సరిగ్గా పెట్టకపోతే పాట బదులు 'గుయ్' మనే చప్పుడే వస్తుంది

మొన్న ఉగాదికి మా మామ వాళ్ల ఊరు చెన్నేకొత్తపల్లి వెళ్లాను. బెంగళూరు నుంచి పెనుకొండ దాటి అనంతపురం వైపు వస్తుంటే హైవే మీదే తగులుతుంది. అందరూ సీకే పల్లి అంటారు. వెళ్లింది బొబ్బట్ల కోసం. మూడు రోజులు కూర్చుంది మాత్రం ఒక టర్న్‌టేబుల్ ముందు.

మా తాత కొన్న రికార్డులు నలభై దాకా ఒక ట్రంకు పెట్టెలో అటక మీద ఉండేవి. ఘంటసాల భగవద్గీత, శంకరాభరణం, కొన్ని పాత సినిమా ఎల్పీలు, అడుగున గుడ్డలో చుట్టిన పద్యనాటకాల 78లు. తాత పోయి చాలా ఏళ్లయింది. ఆయన ప్లేయర్ అంతకుముందే పోయింది. బెంగళూరులో పనిచేసే మామ కొడుకు అవ్వ కోసమని ఆన్‌లైన్‌లో ఒక టర్న్‌టేబుల్ ఆర్డర్ పెట్టి, పండక్కి తెచ్చి, హోమ్ థియేటర్ వెనకాల ఆక్స్‌లో గుచ్చి వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి పరిస్థితి ఏంటంటే, వాల్యూమ్ ఫుల్లుగా పెడితే గోడ అవతల ఎవరో పాడుకుంటున్నట్టు సన్నగా ఒక గొంతు. బేస్ లేదు. మృదంగం ఉందో లేదో తెలీదు. అవ్వ రెండు నిమిషాలు విని, "మీ తాత పెట్టినప్పుడు ఇట్ల రాల్యా" అని లేచి వెళ్లిపోయింది.

టర్న్‌టేబుల్ పాడవలేదు, రికార్డు అరగలేదు. మధ్యలో ఉండాల్సిన ఒక చిన్న డబ్బా లేదు, అంతే. ఆ డబ్బా పేరు ఫోనో ప్రీయాంప్. దీన్నే ఫోనో స్టేజ్ అని కూడా అంటారు. అసలు అది ఏం చేస్తుంది, ఎలా కనెక్ట్ చేయాలి, పెట్టాక హమ్ వస్తే ఏం చూసుకోవాలి అన్నది ఈ ఆర్టికల్‌లో చూద్దాం. హమ్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో మూడు రోజుల్లో రెండున్నర రోజులు దానికే పోయాయి.

సూది నుంచి వచ్చేది ఎంత?

ఫోన్‌కి పెట్టుకునే డాంగుల్ డాక్ అయినా, సీడీ ప్లేయర్ అయినా బయటికిచ్చే సిగ్నల్ ఒకటి, రెండు వోల్టుల దాకా ఉంటుంది. దీన్ని లైన్ లెవెల్ అంటారు. ఆంప్లిఫైయర్ ఆక్స్ ఇన్‌పుట్ ఎదురుచూసేది కూడా ఈ స్థాయినే. టర్న్‌టేబుల్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది మాత్రం మిల్లీవోల్టుల్లో. ఇప్పుడు చాలా టర్న్‌టేబుళ్లతో వచ్చే ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈ ఇచ్చేది 4 మిల్లీవోల్టులు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్ ఇచ్చేది 5.5 మిల్లీవోల్టులు. అంటే లైన్ లెవెల్‌లో కొన్ని వందల వంతు. ఇవి మూవింగ్ మాగ్నెట్ రకం, క్లుప్తంగా ఎంఎం. సూది చివర చిన్న అయస్కాంతం కదిలితే పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. సైకిల్ డైనమో సూత్రమే. మూవింగ్ కాయిల్ అని ఇంకో రకం ఉంది, ఎంసీ. అందులో అయస్కాంతం కదలదు, తీగచుట్టే కదులుతుంది. దాన్ని తేలిగ్గా చేయాలి కాబట్టి చుట్లు తక్కువ, అందుకే సిగ్నల్ ఇంకా తక్కువ. మామూలుగా 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టులు.

కాబట్టి మొదటి పని పెంచడం. ఎంఎంకి దాదాపు 40 డీబీ, అంటే వంద రెట్లు. ఎంసీకి 60 డీబీ, అంటే వెయ్యి రెట్లు. సరే, పెంచడమే అయితే ఏ మైకు ఆంప్లిఫైయరో పెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. ప్రయత్నించకండి. సౌండ్ పెద్దదవుతుంది గానీ బేస్ మాత్రం రాదు.

రికార్డులో పాట ఉన్నది ఉన్నట్టు ఉండదు

ఇది తెలిశాక నాకు రికార్డుల మీద గౌరవం పెరిగింది. గాడిలో సూది పక్కకి ఊగే వేగాన్ని బట్టి వోల్టేజీ వస్తుంది. ఒకే వేగంతో ఊగాలంటే, నెమ్మదిగా ఊగే బేస్ చాలా దూరం ఊగాలి. లెక్క ప్రకారం 1000 హెర్ట్జ్ శబ్దంతో పోలిస్తే 50 హెర్ట్జ్ శబ్దానికి గాడి ఇరవై రెట్లు వెడల్పుగా ఊగాలి. అలా కోస్తే పక్క గాడిలోకి దూసుకుపోతుంది, లేదా ఒక వైపు పట్టే పాటలు సగానికి సగం తగ్గిపోతాయి. అటు ట్రెబుల్ సంగతి వేరు. అవి మరీ చిన్న ఊపులు, సూది గీసుకుంటూ వెళ్లే బుస్సులో కలిసిపోతాయి.

అందుకని రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గిస్తారు, ట్రెబుల్ పెంచుతారు. వాయించేటప్పుడు సరిగ్గా దానికి తిరగేసి బేస్ పెంచి ట్రెబుల్ తగ్గిస్తే అసలు పాట తిరిగొస్తుంది. ట్రెబుల్ తగ్గించేటప్పుడు ఆ బుస్సు కూడా దాంతోపాటే తగ్గడం బోనస్. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది ఒకప్పుడు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒక లెక్క ఖరారు చేసింది. సంఘం పేరు మీదే దాన్ని ఆర్ఐఏఏ కర్వ్ అంటారు. వాయించే వైపు చూస్తే, 1000 హెర్ట్జ్‌ని మధ్యలో పెట్టుకుంటే 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 19 డీబీ పెంపు, 20,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డీబీ కోత. ఆ చివరికీ ఈ చివరికీ దగ్గర దగ్గర వంద రెట్ల తేడా. మన ఫోన్ ఈక్వలైజర్‌లో బేస్ బూస్ట్ బటన్ దీని ముందు పిల్లకాయ.

మా మామ ఇంట్లో గొంతు సన్నగా వచ్చి మృదంగం మాయమవడానికి కారణం ఇదే. ప్రీయాంప్ లేకుండా విన్నది పాటని కాదు, కోయడానికి తయారు చేసిన రూపాన్ని.

ముందు చూసుకోవాల్సింది: మీకు నిజంగా అవసరమా?

కొనేముందు మీ దగ్గర ఇప్పటికే ఉందేమో చూడండి. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్పీ60ఎక్స్ లాంటి మోడళ్లలో ప్రీయాంప్ లోపలే ఉంటుంది. వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది, ఒక వైపు ఫోనో, ఇంకో వైపు లైన్. లైన్ వైపు జరిపితే లోపలి ప్రీయాంప్ పని చేస్తుంది, నేరుగా ఆక్స్‌లోనో పవర్డ్ స్పీకర్లలోనో పెట్టుకోవచ్చు. ఫోనో వైపు ఉంటే పచ్చి సిగ్నల్ బయటికొస్తుంది. పాత స్టీరియో ఆంప్లిఫైయర్లలో, ఇప్పటి కొన్ని ఖరీదైన వాటిలో కూడా వెనక ఫోనో అని రాసిన సాకెట్లు ఉంటాయి, ప్రీయాంప్ అందులోనే ఉంటుంది.

గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే లెక్క. సూదికీ స్పీకర్‌కీ మధ్య ఫోనో ప్రీయాంప్ ఒకటి ఉండాలి, ఒక్కటే ఉండాలి. సున్నా ఉంటే మా మామ కేసు. రెండు ఉంటే, అంటే టర్న్‌టేబుల్ స్విచ్ లైన్‌లో పెట్టి మళ్లీ ఫోనో సాకెట్‌లోకి ఇస్తే, బేస్ రెండుసార్లు పెరిగి, సిగ్నల్ పగిలిపోయి బర్రుమంటుంది. స్పీకర్లకి కూడా మంచిది కాదు. స్విచ్ మార్చేటప్పుడు వాల్యూమ్ సున్నాలో పెట్టడం మరిచిపోకండి.

మా కేసులో టర్న్‌టేబుల్ లోపల ప్రీయాంప్ లేదు, హోమ్ థియేటర్‌కి ఫోనో సాకెట్ లేదు. కాబట్టి బయటిది కొనాల్సిందే. చవకలో బెరింగర్ పీపీ400 లాంటి అరచేతిలో పట్టే డబ్బాలున్నాయి. ఒక మెట్టు పైన ఆర్ట్ డీజే ప్రీ 2 ఉంది, దీంట్లో గెయిన్ తిప్పుకునే నాబ్, కెపాసిటెన్స్ స్విచ్, లో కట్ ఫిల్టర్ ఉంటాయి. ఇంకా పైకెళ్తే ఐఫై జెన్ ఫోనో. 36, 48, 60, 72 డీబీ అని నాలుగు గెయిన్ మెట్లు, ఎంఎం, ఎంసీ రెండూ ఆడతాయి. మొదటి టర్న్‌టేబుల్, దాంతో వచ్చిన ఎంఎం కార్ట్రిడ్జ్ అయితే ఎంసీ సపోర్ట్ కోసం డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బుతో కొత్త సూది కొనుక్కోండి.

కనెక్షన్ చేసే పద్ధతి

అన్నీ ఆఫ్ చేయండి. టర్న్‌టేబుల్ ఆర్‌సీఏ వైర్లు ప్రీయాంప్ ఇన్‌పుట్‌లోకి, ఎరుపు కుడి, తెలుపు ఎడమ. ప్రీయాంప్ అవుట్‌పుట్ నుంచి ఇంకో ఆర్‌సీఏ వైరు ఆంప్లిఫైయర్ ఆక్స్‌లోకి. బ్లూటూత్ స్పీకర్ అయితే దానికి ఆక్స్ ఇన్ ఉండాలి, ఆర్‌సీఏ నుంచి 3.5 ఎంఎం వైరు సరిపోతుంది. టర్న్‌టేబుల్ వైర్లతో పాటు చివర యు ఆకారంలో లోహపు ముక్క ఉన్న సన్నని వైరు ఒకటి వస్తుంది. అది ప్రీయాంప్ మీద గ్రౌండ్ అని రాసిన స్క్రూ కింద బిగించాలి. ఈ వైరు గురించి మళ్లీ మాట్లాడుకుందాం. రేగా టర్న్‌టేబుళ్లలో, ఏటీ-ఎల్పీ60ఎక్స్‌లో ఈ వైరు విడిగా ఉండదు. లేకపోతే కంగారు పడకండి.

తర్వాత గెయిన్. ఎంఎం అయితే 40 డీబీ చుట్టుపక్కల. 4 మిల్లీవోల్టులు వంద రెట్లయితే 0.4 వోల్ట్ అవుతుంది. సీడీ ప్లేయర్ 2 వోల్టులతో పోలిస్తే ఇది తక్కువే, కాబట్టి రికార్డు పెట్టినప్పుడు వాల్యూమ్ కొంచెం ఎక్కువ తిప్పాల్సి రావడం మామూలే. సౌండ్ తక్కువగా ఉందని ఎంఎం కార్ట్రిడ్జ్‌కి ఎంసీ గెయిన్ పెట్టొద్దు. పాటలో పెద్ద శబ్దాలు వచ్చినప్పుడు కార్ట్రిడ్జ్ 4 కాదు, అంతకు నాలుగైదు రెట్లు కూడా ఇస్తుంది. దాన్ని వెయ్యి రెట్లు చేస్తే ఇరవై వోల్టులు. ఏ చిన్న డబ్బా ఇవ్వలేదు, తల కోసేసినట్టు పగిలిపోతుంది.

లోడ్ అని ఇంకో సెట్టింగ్ కనిపిస్తుంది. ఎంఎంకి 47 కిలో ఓమ్స్, ఇది స్టాండర్డ్, ముట్టుకోనక్కర్లేదు. కెపాసిటెన్స్ మాత్రం కొంచెం ఆలోచించాలి. కార్ట్రిడ్జ్ తీగచుట్ట ఒక ఇండక్టర్, వైర్లలో ఉండేది కెపాసిటెన్స్. రెండూ కలిస్తే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజోనెన్స్ వస్తుంది. 500 మిల్లీహెన్రీ కార్ట్రిడ్జ్‌కి మొత్తం 150 పికోఫారడ్లు ఉంటే అది 18,000 హెర్ట్జ్ దగ్గర, చెవికి దాదాపు అందని చోట. 300 అయితే 13,000 హెర్ట్జ్‌కి దిగొస్తుంది. అప్పుడు 'స', 'ష' అక్షరాలు కుచ్చుకుంటాయి, ఆ పైన శబ్దం ఢమాల్న పడిపోతుంది. ఆర్‌సీఏ వైరే మీటరుకి వంద పికోఫారడ్ల దాకా తినేయొచ్చు. కాబట్టి టర్న్‌టేబుల్‌కీ ప్రీయాంప్‌కీ మధ్య వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, ప్రీయాంప్ నుంచి ఆంప్లిఫైయర్‌కి పొడుగున్నా ఫర్వాలేదు. వీఎం95ఈకి కంపెనీ చెప్పేది 100 నుంచి 200, 2ఎం రెడ్‌కి 150 నుంచి 300. వైరు, ప్రీయాంప్ రెండూ కలిపి ఈ లెక్కలో పడాలి. స్విచ్ ఉంటే తక్కువ వైపు నుంచి మొదలుపెట్టండి.

ఇక హమ్ సంగతి

డబ్బా వచ్చింది. కనెక్ట్ చేశాం. మామ, అత్త, అవ్వ, పక్కింటి పిల్లలు అందరూ కూర్చున్నారు. ఆన్ చేశాను. గుయ్ మని ఒకటే మోత. "ఏంరా అల్లుడా, లోపల యాడన్నా తేనెటీగలు జేరినాయేమో సూడు" అన్నాడు మామ. పాట ఉంది, మృదంగం కూడా వచ్చింది, కానీ అన్నిటి వెనకా తేనెతుట్టె.

ఫోనో ప్రీయాంప్‌కీ హమ్‌కీ ఎందుకింత స్నేహమో పైన చెప్పిన రెండు విషయాలు కలిపితే తెలుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆర్ఐఏఏ కర్వ్ 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 17 డీబీ, అంటే ఏడు రెట్లు పెంచుతుంది. దాని కింద మామూలు గెయిన్ వంద రెట్లు. మొత్తం ఏడు వందల రెట్లు. ఇంట్లో గోడల వెంట పోయే కరెంటు వైర్ల నుంచి ఏ చిన్న తుంపర సిగ్నల్ వైరులో పడినా ఏడు వందల రెట్లయి స్పీకర్లోంచి వస్తుంది. ఇంకే గ్యాడ్జెట్‌కీ ఈ శాపం లేదు.

వెతకడానికి ఒక వరస ఉంది. మొదట వాల్యూమ్ తగ్గించి, ఆంప్లిఫైయర్ నుంచి ప్రీయాంప్ వైరు పీకేసి మళ్లీ వాల్యూమ్ పెంచండి. హమ్ ఇంకా ఉంటే తప్పు ఆంప్లిఫైయర్‌ది, టర్న్‌టేబుల్‌ని తిట్టుకోవద్దు. పోతే అన్నీ మళ్లీ పెట్టి, టర్న్‌టేబుల్ మోటారు ఆపి వినండి. ఆ తర్వాత టోన్‌ఆర్మ్ లోహపు భాగాన్ని వేలితో ముట్టుకోండి. ముట్టుకోగానే హమ్ తగ్గితే గ్రౌండ్ వైరు లేనట్టే. మా ఇంట్లో అదే జరిగింది. టర్న్‌టేబుల్ కింద చూస్తే ఆ సన్న వైరు, ప్యాకింగ్‌లో వచ్చినట్టే చుట్ట చుట్టి ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉంది. మా బావమరిది దాన్ని చూడనే లేదు. విప్పి స్క్రూ కింద బిగించాక హమ్ ముప్పావు వంతు పోయింది.

హమ్ ఒక్క స్పీకర్లోనే వస్తుంటే కార్ట్రిడ్జ్ వెనక నాలుగు చిన్న పిన్నులు చూడండి. తెలుపు, నీలం ఎడమ ఛానెల్‌వి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. ఏదో ఒకటి వదులై ఉంటుంది. ట్వీజర్‌తో మెల్లగా, ఆంప్లిఫైయర్ ఆఫ్ చేసి.

మాకు మిగిలిన పావు వంతు ఇంకో రకం. మెత్తని 'గుయ్' కాదు, గరుకుగా 'జ్ర్‌ర్'. ఇలాంటిది సాధారణంగా అడాప్టర్ల నుంచో, ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచో వస్తుంది. గుండ్రంగా ఆగకుండా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి పంపుతాయి, ఆ కోత శబ్దమే అది. ఫ్యాన్ ఆపి చూడండి, తేడా తెలుస్తుంది. పాత 2జీ కీప్యాడ్ ఫోన్లు పక్కనుంటే కాల్ వచ్చే ముందు 'ట్ట ట్ట ట్ట' మంటాయి చూడండి, అది 2జీ ఫోన్ సెకనుకు 217 సార్లు సిగ్నల్ వేసి ఆపడం వల్ల. అవ్వ దగ్గరున్నది అలాంటి ఫోనే. దాన్ని వంటింట్లో పెట్టాం.

మా జ్ర్‌ర్‌కి మాత్రం కారణం వేరే దొరికింది. ఆంప్లిఫైయర్ వెనక లోహాన్ని చేత్తో ముడితే జివ్వుమంది. చార్జింగ్‌లో ఉన్న లోహపు ల్యాప్‌టాప్ మీద చెయ్యి రాస్తే సన్నగా జివ్వుమంటుంది కదా, అలా. త్రీ పిన్ సామాన్లలో కరెంటు రొదని ఎర్త్‌లోకి పంపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ రొద పోవడానికి దారి లేక పెట్టె మీదే నిలుస్తుంది, 230 వోల్టుల్లో సగం, అంటే 115 వోల్టుల దాకా చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా ప్రాణం మీదికి రాదు. కానీ అదే ఇంట్లో రేపు గీజర్‌లోనో గ్రైండర్‌లోనో ఫేజ్ వైరు పెట్టెకి తగిలితే కాపాడాల్సింది కూడా ఆ ఎర్తే. అది లేదని టర్న్‌టేబుల్ చెప్పింది.

ఈ ప్రాంతం గురించి తెలిసినవాళ్లకి ఆశ్చర్యం ఉండదు. వాన తక్కువ, నేల ఎండిపోయి గట్టిగా ఉంటుంది. ఎండిన మట్టి కరెంటుని సరిగ్గా లాగదు. అందుకే ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో నీళ్లు పోయమంటారు. మామ ఇంటి వెనక గుంత ఎక్కడుందో వెతకడానికే పావుగంట పట్టింది. పైన కట్టెల మోపు పేర్చారు. మరుసటి రోజు ఎలక్ట్రీషియన్ వచ్చి తుప్పు పట్టిన వైరు మార్చి, గుంత మళ్లీ నింపి, నాలుగు బిందెలు నీళ్లు పోయించి మీటరు పెట్టి చూశాడు. జివ్వుమనడం పోయింది, జ్ర్‌ర్ సగానికి తగ్గింది. ఇది మీరు సొంతంగా చేసే పని కాదు, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. యూట్యూబ్‌లో కొందరు హమ్ పోవాలంటే త్రీ పిన్ ప్లగ్గులో పెద్ద పిన్ను తీసేయమంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. గ్రౌండ్ లూప్ అనుమానం ఉంటే ఆంప్లిఫైయర్, కంప్యూటర్, ప్రీయాంప్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. చాలాసార్లు దాంతోనే తీరుతుంది.

మిగిలిన సగం? నా తప్పే. స్థలం లేదని ప్రీయాంప్‌ని ఆంప్లిఫైయర్ నెత్తిన పెట్టాను. కింద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, పైన ఏడు వందల రెట్లు పెంచే డబ్బా. మూరెడు దూరం జరిపాక చెవి స్పీకర్‌కి ఆనిస్తే తప్ప వినిపించనంత అయింది. అంతకన్నా తగ్గించాలని పట్టుబట్టకండి, ఏ ఫోనో ప్రీయాంప్ అయినా ఆ మాత్రం సవ్వడి చేస్తుంది.

చిటపటలు మాత్రం ప్రీయాంప్ తప్పు కాదు. అది దుమ్ము, స్టాటిక్. పొడి గాలిలో రికార్డు కవర్లోంచి తీయగానే చేతి వెంట్రుకలు లేస్తాయి, గాల్లో ఉన్న ఎర్రమట్టి అంతా వచ్చి అతుక్కుంటుంది. కార్బన్ ఫైబర్ బ్రష్ ఒకటి కొనుక్కోండి. సూదిని మాత్రం ఎప్పుడూ వెనక నుంచి ముందుకే తుడవాలి.

అమెరికా నుంచి వచ్చిన టర్న్‌టేబుల్ అయితే

మనవాళ్లలో ఇది ఎక్కువ కాబట్టి చెప్తున్నా. డాలస్ నుంచి వచ్చే అన్న సూట్‌కేసులో టర్న్‌టేబుల్ తెస్తే, ముందు అడాప్టర్ మీద అక్షరాలు చదవండి. 100 నుంచి 240 వోల్ట్ అని ఉండి, డీసీ మోటారైతే బెంగ లేదు. 120 వోల్ట్, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టగానే కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వోల్టేజీయే మారుతుంది, హెర్ట్జ్ మారదు. ఏసీ సింక్రనస్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది. 60కి బదులు 50 ఇస్తే నిమిషానికి 33.3 చుట్ల బదులు 27.8 చుట్లే తిరుగుతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి జారిపోతుంది. జానకి గారి పాట పెడితే ఎవరో మగాయన నిద్రమత్తులో పాడినట్టుంటుంది.

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కూడా టర్న్‌టేబుల్ సిస్టమ్ నడపకపోవడమే మంచిది. కరెంటు పోయినప్పుడు ఆ బుర్రుమనే శబ్దం మొత్తం ప్రీయాంప్‌లోకి వస్తుంది. సైన్ వేవ్ అయితే ఇబ్బంది ఉండదు.

ఆ 78ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు

హమ్ పోయిన ఉత్సాహంలో మామ గుడ్డ మూట విప్పి పద్యనాటకం రికార్డు ఒకటి తీసి టర్న్‌టేబుల్ మీద పెట్టేశాడు. సూది దించబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. ఎల్పీ వినైల్, 78 లక్క. ఎల్పీ గాడికి సూది మొన దాదాపు 0.7 మిల్, 78 గాడికి దాదాపు 3 మిల్ ఉండాలి. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. సన్న సూదిని ఆ వెడల్పు గాడిలో దింపితే అడుగున పడి దుమ్ములో దొర్లుతుంది, సూదీ పాడవుతుంది, పాటా సరిగ్గా రాదు. కింద పడితే పెంకులా పగిలే వస్తువు. మళ్లీ ఎక్కడా దొరకదు.

వీటికి వేరే సూది కావాలి. వీఎం95 కుటుంబంలోనే ఏటీ-వీఎం95ఎస్పీ అని 78ల కోసం ఉంది. మీ టర్న్‌టేబుల్‌కి 78 స్పీడు ఉందో లేదో కూడా చూడాలి. లేదంటే 33 మీద రికార్డ్ చేసి కంప్యూటర్‌లో ఆడాసిటీతో వేగం పెంచొచ్చు. కానీ మెలిక ఉంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆర్ఐఏఏ దిద్దుబాటు తప్పు ఫ్రీక్వెన్సీల మీద పడుతుంది, కాబట్టి తర్వాత ఈక్వలైజేషన్ సరిచేయాలి. పైగా 1954కి ముందు వచ్చిన 78లు అసలు ఆర్ఐఏఏ లెక్కలో కోసినవే కాదు. అన్నట్టు, మన దేశంలో 1960లలో కూడా 78లు అచ్చయ్యాయి, బీటిల్స్ పాటలు సహా. ఇప్పుడు విదేశీ కలెక్టర్లు వాటికోసం వెతుక్కుంటున్నారు. అటక మీద ఏముందో చూడకుండా పాత సామాన్లవాడికి వేయకండి.

తాత కాలం నాటి చిన్న పోర్టబుల్ ప్లేయర్ మీ ఇంట్లో ఉంటే ఇంకో మాట. వాటిలో చాలావాటికి ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జ్. అది మిల్లీవోల్టుల్లో కాదు, వందల మిల్లీవోల్టుల్లో ఇస్తుంది, ఈక్వలైజేషన్ కూడా దాదాపు దానంతట అదే అయిపోతుంది. అందుకే అప్పట్లో ఈ డబ్బా గొడవ ఎవరికీ తెలీదు. వాటిని ఫోనో ప్రీయాంప్‌కి తగిలిస్తే పగిలిన సౌండే వస్తుంది.

78ల సూదికి ఆర్డర్ పెట్టి, వాటిని మళ్లీ గుడ్డలో చుట్టి, బల్లపరుపుగా కాకుండా నిలబెట్టి పెట్టాం. మూడో రోజు సాయంత్రం, ఎండ తగ్గాక, శంకరాభరణం మొదటి వైపు పెట్టాను. ఈసారి మృదంగం గది మూలనుంచి వచ్చింది. అవ్వ వంటింట్లోంచి వచ్చి గడప మీద కూర్చుంది. వైపు అయిపోయి సూది లోపలి గాడిలో టిక్కు టిక్కు మంటుంటే, "తిప్పి పెట్టల్లరా, మీ తాత అయితే ఈ పాటికి తిప్పుండు" అంది.